కాలువలు కట్టేలోపే పనుల లిస్టు సిద్ధం చేసుకోవడం ఎలా

గోదావరి డెల్టాలో కాలువ పనికైనా డ్రెయిన్ (పొలాల మురుగునీరు పోయే కాలువ) పనికైనా దొరికే టైమ్ ఒక్కటే. దాళ్వా (రబీ వరి) కోతల్ని బట్టి మామూలుగా ఏప్రిల్‌లో కాలువలు కట్టేస్తారు, అంటే నీళ్లు ఆపేస్తారు, జూన్‌లో సార్వాకి (ఖరీఫ్ వరికి) వదులుతారు. పూడిక తీత, లాకుల మరమ్మతు, గట్ల పని అన్నీ ఆ కాస్త వ్యవధిలోనే జరగాలి. చాలా ఊళ్లలో ఏప్రిల్ వచ్చాక మీటింగ్ పెట్టి ఏం పనులు కావాలని అడుగుతారు, ఆ తర్వాత అంచనాలు, మంజూరు, టెండరు అయ్యేసరికి నీళ్లు వచ్చేస్తాయి, ఇక నీళ్లలోనే పొక్లెయిన్ దింపి బిల్లు చేసుకుంటారు.

అందుకే తేదీలు వెనక నుంచి లెక్కేసుకోండి. ఏప్రిల్‌లో పని మొదలవ్వాలంటే మార్చిలో టెండరు, ఫిబ్రవరిలో అంచనాలు. అంటే జనవరి నెలాఖరుకి మీ లిస్టు ఏఈ (సాగునీటి శాఖ అసిస్టెంట్ ఇంజనీర్) గారి టేబుల్ మీద ఉండాలి. జనం దగ్గర సమాచారం రాబట్టే పని నవంబరులోనే మొదలుపెట్టండి. ఆ నెలలో వానలు పడి సార్వా చేను మునిగితే ఏ డ్రెయిన్ ఎక్కడ లాగడం లేదో చేలోనే కనిపిస్తుంది, అప్పుడే ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి.

ఎవర్ని ముందు అడగాలంటే, కాలువ చివర పొలాలున్న శివారు వాళ్లని. తూము దగ్గర పొలం ఉన్నవాడికి కాలువ ఎప్పుడూ బాగానే ఉంటుంది. నీటి సంఘంలో ఓటు ఎవరిదైనా నీళ్ల కష్టం ఎక్కువగా తెలిసేది కౌలు రైతుకే, అతను మీటింగ్‌కి రాడు, మీరే గట్టు మీదకి వెళ్లి మాట్లాడాలి. హైదరాబాద్‌లో ఉండే భూమి యజమానులైతే సంక్రాంతికి దొరుకుతారు. పండగ మూడు రోజులూ పందేల హడావుడిలో ఎవరూ వినరు కాబట్టి ముక్కనుమ నాడు పట్టుకోండి, డ్రెయిన్ గట్టు ఆక్రమణల్లాంటి గొడవలు అప్పుడే తేల్చుకోవాలి.

సముద్రం వైపు ఊళ్లలో మత్స్యకారుల మాట తప్పనిసరి. మొగ (నీరు సముద్రంలో కలిసే చోటు) దగ్గర ఇసుక ఎక్కడ మేట వేసిందో, పోటు సమయంలో నీరు ఎంత దూరం వెనక్కి తంతుందో వాళ్లకి తెలిసినంత ఎవరికీ తెలియదు. వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు కదా, అప్పుడు తీరిగ్గా అడుగుదాంలే అనుకోకండి, అప్పటికి మీ లిస్టు ఎప్పుడో వెళ్లిపోయి ఉండాలి.

మంచినీళ్ల చెరువుల సంగతి చాలామంది మర్చిపోతారు. కాలువ కట్టేముందు అవి నిండాలి. పంచాయతీని, గ్రామీణ నీటి సరఫరా వాళ్లని మార్చిలోనే కదిలించకపోతే ఆఖరి వారంలో ఇంకో నాలుగు రోజులు నీళ్లు ఇవ్వండి అంటూ ఒత్తిడి వస్తుంది. ఆ నాలుగు రోజులూ మీ పనుల్లోంచే పోతాయి.

వరి రైతుకీ చేపల, రొయ్యల చెరువుల వాళ్లకీ తగాదా ఎలాగూ ఉంటుంది. ఒకరు డ్రెయిన్‌లో అడ్డుకట్ట తీయమంటారు, ఇంకొకరు ఉండనివ్వమంటారు. ఆఫీసులో కూర్చోబెడితే అరుపులే మిగులుతాయి, ఆ కట్ట దగ్గరికే ఇద్దర్నీ, లస్కర్‌నీ (కాలువ చూసుకునే సిబ్బంది), ఏఈ గారినీ తీసుకెళ్లండి. తేలకపోతే రెండు మాటలూ ఉన్నదున్నట్టు లిస్టులో రాయండి, మీరే ఒకరి పక్షం తేల్చేయకండి.

లిస్టు రాసేటప్పుడు "కాలువ బాగుచేయాలి" అని రాస్తే పనికిరాదు. ఏ లాకుకి దిగువన, ఏ తూము నుంచి ఏ వంతెన దాకా, గుర్రపుడెక్కా, పూడికా, గండా అన్నది ఉండాలి.

1997 చట్టం ప్రకారం నీటి సంఘం, డిస్ట్రిబ్యూటరీ కమిటీ, ప్రాజెక్టు కమిటీ అని మూడు అంచెలున్నాయి, లిస్టు ఆ దారిలోనే పంపండి. 2022లో జిల్లాలు విడిపోయాక ఇంకో చిక్కు వచ్చింది. పశ్చిమ డెల్టా కాలువ మొదలయ్యే విజ్జేశ్వరం తూర్పు గోదావరి జిల్లాలో ఉంది, ఆ నీళ్లు తాగే భీమవరం, నరసాపురం పశ్చిమ గోదావరిలో ఉన్నాయి. మీ కాలువ రెండు జిల్లాల్లో పారితే సాగునీటి సలహా మండలి సమావేశానికి ముందే రెండు కలెక్టరేట్లకీ కాపీ ఇచ్చి రసీదు తీసుకోండి.

ఏ పని ఒప్పుకున్నారు, ఏది వచ్చే ఏటికి పోయింది, ఏది కాదన్నారు, ఎందుకు అన్నది పంచాయతీ గోడ మీద అంటించండి. అది చేయకపోతే వచ్చే నవంబరులో మీతో ఎవరూ మాట్లాడరు.

జూన్‌లో నీళ్లు వదిలే ముందు రోజు లస్కర్‌తో కలిసి కాలువ వెంట నడవండి. పని కోసం వేసిన మట్టికట్టలు కాంట్రాక్టర్లు చాలాసార్లు తీయకుండానే వెళ్లిపోతారు, కనిపించినచోట ఫొటో తీసి అక్కడి నుంచే ఏఈ గారికి పంపండి.