ఐ-130 (జీవిత భాగస్వామిని అమెరికాకు రప్పించుకునే వలస పిటిషన్) వేసే ముందు: భారత్‌లో ఉంటూ భార్యను లేదా భర్తను స్పాన్సర్ చేసే అమెరికా పౌరులకు జాగ్రత్తలు

ముందుగా చూడాల్సింది డొమిసైల్, అంటే అమెరికాలో స్థిర నివాసం. ఐ-864 (వచ్చేవారి ఆర్థిక బాధ్యత తీసుకునే హామీపత్రం) సంతకం చేసే వ్యక్తి అమెరికాలో నివాసం ఉన్నట్టు, లేదా జీవిత భాగస్వామితో పాటే గానీ అంతకంటే ముందు గానీ అక్కడికి మారుతున్నట్టు చూపాలి. వీసా ఇంటర్వ్యూలో ఫైళ్లు ఆగేది తరచుగా ఇక్కడే. బ్యాంకు ఖాతా, ఓటరు నమోదు, అద్దె ఒప్పందం, ఉద్యోగ ఆఫర్, పిల్లల స్కూల్ అడ్మిషన్ ఇప్పటినుంచే పోగుచేయండి. జాయింట్ స్పాన్సర్ (మీతో పాటు ఆర్థిక హామీ ఇచ్చే మరో వ్యక్తి) దొరికితే చాలనుకోవద్దు. ఆయన ఆదాయ లోటు తీరుస్తారు, మీ డొమిసైల్ లోటు తీర్చలేరు.

- ఆదాయం: కుటుంబ సంఖ్యను బట్టి అమెరికా ప్రభుత్వ పేదరిక ప్రమాణంలో కనీసం 125 శాతం. హైదరాబాద్ జీతం మీరు అమెరికాకు మారాక కూడా అదే ఉద్యోగం నుంచి వస్తేనే లెక్కలోకి వస్తుంది.
- పన్ను: విదేశంలో సంపాదించినా 1040 (అమెరికా ఆదాయపు పన్ను రిటర్న్) దాఖలు చేయాల్సిందే. ఎగ్గొట్టిన ఏళ్లుంటే ముందు అవి సరిచేయండి.
- పెళ్లి రుజువు: శుభలేఖ, ఫొటోలు చాలవు, రిజిస్ట్రార్ ఇచ్చిన ధ్రువపత్రం కావాలి. పాత పెళ్లి ఉంటే విడాకుల డిక్రీ కూడా.
- పేర్లు: ఇంటిపేరు పాస్‌పోర్టులో ఒకలా, జనన ధ్రువపత్రంలో ఇంకోలా ఉండటం మనవాళ్లలో మామూలే. దరఖాస్తుకు ముందే సరిచేయించండి.
- పోలీస్ క్లియరెన్స్: గల్ఫ్‌లో ఏడాదికి పైగా ఉండివస్తే అక్కడిదీ తేవాలి. మన దేశానిది పాస్‌పోర్ట్ సేవ ద్వారా.
- ప్రయాణం: పెళ్లయి రెండేళ్లు నిండకముందే అమెరికాలో అడుగుపెడితే షరతులతో కూడిన గ్రీన్‌కార్డు వస్తుంది. దాని గడువు ముగిసే ముందు 90 రోజుల్లో ఐ-751 (ఆ షరతులు తొలగించమనే దరఖాస్తు) వేయాలి.