మేనల్లుడూ, మూడు రాళ్ల పొయ్యీ: పిల్లల్ని క్యాంపింగ్‌కి తీసుకెళ్లే ముందు

మా అక్క కొడుకు తొమ్మిదో తరగతి. స్కూల్ మానేశాడు. తలుపేసుకుని కూర్చునేవాడు, ఫోన్ తీసుకుంటే కంచం విసిరేవాడు. "అడవికి తీసుకెళ్లరా, నీ మాటైనా వింటాడేమో" అంది అక్క. ఇప్పటికి నాలుగుసార్లు వెళ్లొచ్చాం.

ముందు డాక్టర్. చచ్చిపోతానంటున్నా, చేతులు కోసుకుంటున్నా టెంట్ సంగతి మరిచిపోండి. 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) వాళ్లు ఉచితంగా తెలుగులోనే మాట్లాడతారు. హైదరాబాద్ ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. మేమూ డాక్టర్ సరే అన్నాకే బయల్దేరాం. మందులు వాడుతుంటే అవి మీ సంచిలోనే ఉండాలి.

అబద్ధం చెప్పి తీసుకెళ్లకండి. మొదటిసారి నేను వికారాబాద్‌లో పెళ్లుందన్నాను. చేవెళ్ల మర్రిచెట్లు దాటేసరికి వాడు డిక్కీలో టెంట్ చూసేశాడు. ఆ రోజంతా మాట లేదు. అమెరికాలో మాట వినని పిల్లల్ని మారుస్తామనే అడవి క్యాంపులు పెద్ద వ్యాపారం. నిద్రపోతున్న పిల్లల్ని అర్ధరాత్రి లేపి బండెక్కించేవాళ్లు, కొన్ని క్యాంపుల్లో పిల్లలు చనిపోయారు కూడా. పిల్లల సంస్థల్లో జరిగే హింస మీద 2024 డిసెంబరులో అక్కడ చట్టమే తెచ్చారు. ఇక్కడ ఎవరైనా "రెండు వారాల్లో మార్చేస్తాం" అంటే ఒక దండం పెట్టి వచ్చేయండి.

చోటు: వికారాబాద్ దగ్గరి అనంతగిరి, మూసీ పుట్టేది అక్కడే. అనుమతి లేకుండా రిజర్వ్ ఫారెస్ట్‌లో టెంట్ వేయకూడదు, మంట అసలే పెట్టకూడదు. మేం అడవి పక్కన స్నేహితుడి మామిడితోటలో దిగుతాం. నవంబరు నుంచి జనవరి దాకా బాగుంటుంది. చలికి రగ్గులు, రాత్రి నడవడానికి టార్చి మరవద్దు. పొద్దున బూట్లు దులిపి తొడుక్కోండి, తేళ్లుంటాయి.

ఫోన్ లాక్కోకండి. మేం ఇద్దరి ఫోన్లూ స్టీలు డబ్బాలో పెట్టాం. డబ్బా కాపలా వాడిదే. నేను రెండుసార్లు అడిగాను, ఇవ్వలేదు!

అసలు పని వంట. మొత్తం వాడికే వదిలేయండి. మూడు రాళ్లు పెట్టాడు, మంచుకి తడిసిన పుల్లలు పేర్చాడు. ఒకటే పొగ. నలభై నిమిషాలు ఊదాడు, కళ్లు ఎర్రబడ్డాయి. నాకేమో చేతులు దురద. తడి పుల్లని కత్తితో చెక్కితే లోపల పొడిగా ఉంటుందని ఒక్కసారే చెప్పాను. చెక్కుల కింద ఇంటి నుంచి తెచ్చిన కొబ్బరి పీచు పెట్టాక అంటుకుంది. అన్నం అడుగంటింది. "మాడింది మామా" అన్నాడు. పప్పేసుకుని రెండుసార్లు వడ్డించుకున్నాడు.

రాత్రి ఎదురుగా కాదు, పక్కన కూర్చోండి. ప్రశ్నలొద్దు. మంటని చూస్తూ వాడే మొదలుపెట్టాడు: క్లాసు వాట్సాప్ గ్రూపులో తన ఫొటోకి ఏదో తగిలించి తిప్పారట. నేనేం అనలేదు, ఇంకో పుల్ల వేశాను. ఆ మాట అక్కకి చెప్పేముందు వాడిని అడిగాను.

తిరిగొచ్చాక వెంటనే ప్రశ్నలు వేయొద్దని ఇంట్లోవాళ్లకి ముందే చెప్పి ఉంచండి. అక్క గుమ్మంలోనే "సోమవారం స్కూల్‌కి వెళ్తావా?" అంది. తలుపు మళ్లీ పడింది. స్కూల్‌కి వెళ్లడం మొదలుపెట్టింది మూడో ట్రిప్ తర్వాత, అదీ కౌన్సెలింగ్ సాగుతుండగా, వారానికి మూడు రోజులు.

మొన్న బాల్కనీలో కొబ్బరి పీచు ఎండబెట్టి ఉంది. అక్క ఊడ్చేయబోతే లోపలి నుంచి కేక: "అది తీయకు!"