పాత కారు కొన్నాక ముందు చేయించిన పనులు

నల్గొండలో పదమూడేళ్ల పాత పెట్రోలు కారు కొన్నాను. సీటు కవర్ల సంగతి తర్వాత చూడవచ్చని ముందు బానెట్ ఎత్తాను. ఇంజిన్ చల్లారాక రేడియేటర్ మూత తీస్తే అంచున సున్నంలా తెల్లని పెచ్చు. గోటితో గీకితే పొడి రాలింది. ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం కూలెంట్‌కు బదులు ఇన్నాళ్లూ బోరు నీళ్లే పోశారు. మా వైపు ఆ నీటికి గిన్నెలే తెల్లబడతాయి, ఇంజిన్ ఏం తట్టుకుంటుంది! లోపలంతా కడిగించి, వేడిని బట్టి కూలెంట్‌ను వదిలే థర్మోస్టాట్, రబ్బరు గొట్టాలు మార్పించి, కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోయించాను.

తర్వాత బ్రేకు ఆయిల్ మార్పించాను. అది తేమను పీల్చుకుంటుంది; అలా పాడైతే వేడికి మరిగి బ్రేకు పట్టు తప్పుతుంది. టైర్లు అరగలేదు కానీ పక్కన 2316 అని ఉంది, అంటే 2016లో 23వ వారం తయారీ. రబ్బరు పాతబడిందని నాలుగూ మార్చాను. ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు సరేసరి. ఏసీ, తలుపు మీది గీతలు ఇంకా అలాగే ఉన్నాయి.

మే ఎండలో నార్కట్‌పల్లి మీదుగా హైదరాబాద్ వెళ్లి వచ్చాను. ఉష్ణోగ్రత ముల్లు సగం దాటలేదు.