మెడిసిన్‌లో చేరే ముందు: స్టెతస్కోపు తర్వాత, ముందు టీకాల కార్డు వెతకండి

సీటు అలాట్‌మెంట్ వచ్చిన రోజు రాత్రి మా అన్న కూతురు అనంతపురం నుంచి ఫోన్ చేసింది. సీటు కర్నూలులో వచ్చింది. "అత్తా, ఏమేం కొనాలో రాసుకున్నా, సరిగ్గా ఉందో లేదో చూడు" అని లిస్టు చదవడం మొదలుపెట్టింది. స్టెతస్కోపు, ల్యాప్‌టాప్, ట్రాలీ బ్యాగు, మూడు రకాల అనాటమీ పుస్తకాలు, నాలుగు ఏప్రాన్లు. అంతా విని, "నీ టీకాల కార్డు ఎక్కడుంది?" అని అడిగాను. కాసేపు మాట లేదు. "అమ్మను అడగాల" అంది. వాళ్ళమ్మ బీరువా మొత్తం వెతికింది. దొరకలేదు.

నేను కడపలో ప్రాక్టీస్ చేస్తున్న డాక్టర్ని. నేను చదువుకునే రోజుల్లో సీమ పిల్లలకు ప్రభుత్వ కాలేజీ అంటే కర్నూలు, లేదంటే తిరుపతి. 2000లో అనంతపురానికి, 2006లో కడపకు, 2023లో నంద్యాలకు కాలేజీలు వచ్చాయి. కాబట్టి ఇప్పుడు తెలిసినవాళ్ళ ఇళ్ళలో ఏటా ఎవరో ఒకరికి సీటు వస్తోంది, నాకు ఫోన్ వస్తోంది. అందరి లిస్టూ బజారులో దొరికే వస్తువులే. క్లాసులు మొదలయ్యే లోపు మీకున్న ఆ కొన్ని వారాలను వస్తువుల మీద పెట్టకండి. సిద్ధం చేసుకోవాల్సింది మీ ఒంటిని, మీ చేతిరాతను, మీ కాగితాలను.

అన్నిటికన్నా ముందు హెపటైటిస్ బి టీకా. రక్తం ద్వారా అంటుకునే కాలేయ జబ్బు అది. ఈ టీకానే ముందు ఎందుకు చెబుతున్నానంటే, ఇది ఒక్క రోజులో అయ్యే పని కాదు. మొదటి డోసు వేసుకున్న నెలకు రెండోది, ఆరో నెలకు మూడోది. మూడోది అయ్యాక ఒకటి రెండు నెలలకు రక్తపరీక్ష చేయించి యాంటీబాడీలు 10 (రిపోర్టులో mIU/mL అని ఉంటుంది) గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉన్నాయో లేదో చూసుకోవాలి. చిన్నప్పుడు వేయించినట్టు కార్డులో రాసి ఉంటే ఆ కార్డు తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, పరీక్ష ఒక్కటి సరిపోతుందా, డోసు కావాలా ఆయనే చెబుతారు. కార్డు లేకపోతే "వేయించే ఉంటాంలే" అనుకోకండి.

"పేషెంట్లను ముట్టుకునేది రెండో సంవత్సరం కదా, అప్పుడు చూద్దాం" అని చాలామంది అంటారు. కానీ రక్తం మొదటి సంవత్సరంలోనే చేతికి అంటుతుంది. ఫిజియాలజీ ల్యాబ్‌లో రక్తకణాలు లెక్కపెట్టడానికి, హిమోగ్లోబిన్ చూడటానికి లాన్సెట్‌తో వేలు గుచ్చుకునేది మీరే. ఒక బెంచీ మీద నలుగురు, నాలుగు వేళ్ళు, ఒకరి స్లైడు ఇంకొకరి చేతిలో. ఒకరికి గుచ్చిన లాన్సెట్ ఇంకొకరికి వాడనివ్వకండి, తొందరలో అయినా సరే.

నా స్నేహితురాలి సంగతి చెబుతాను. హౌస్‌సర్జన్సీలో ఒక రాత్రి రెండు గంటలప్పుడు ఇంజెక్షన్ చేసి, సూదికి మూత పెట్టబోయింది. మూత జారి సూది బొటనవేలిలో దిగింది. ఆ పేషెంటుకు హెపటైటిస్ బి ఉందని తెల్లవారాక తెలిసింది. తను టీకా వేసుకోలేదు. టీకా లేనివాళ్ళకు అలాంటి సూది గుచ్చుకుంటే, రోగి రక్తంలో వైరస్ ఎక్కువగా ఉన్నప్పుడు, వందలో ముప్పై మంది దాకా జబ్బు అంటుకునే ప్రమాదం ఉంది. అదే హెచ్ఐవీ అయితే వెయ్యికి ముగ్గురు. తను ఆరు నెలలు పరీక్షలు చేయించుకుంటూ తిరిగింది. ఏమీ కాలేదు. కానీ ఆ ఆరు నెలలూ తను ఇంట్లో వాళ్ళ గ్లాసుతో నీళ్ళు తాగలేదు. అలా అంటదని చదువుకున్న మనిషే, అయినా తాగలేదు. వాడిన సూదికి మూత పెట్టకూడదు అన్న మాట ఇప్పుడే మనసులో వేసుకోండి. ఎప్పుడైనా గుచ్చుకుంటే పిండకండి, నోట్లో పెట్టుకోకండి, సబ్బు నీళ్ళతో కడిగి వెంటనే పైవాళ్ళకు చెప్పండి. తిడతారేమోనని దాచిపెట్టడం గుచ్చుకోవడం కన్నా ప్రమాదం.

అమ్మవారు, అంటే ఆటలమ్మ పోయనివాళ్ళు, దానికి టీకా వేసుకోనివాళ్ళు కూడా ఇప్పుడే వేయించుకోండి. అవి రెండు డోసులు, మధ్యలో కనీసం నాలుగు వారాలు. హాస్టల్లో ఒకరికి వస్తే గదులు గదులు పడుకుంటాయి. ఇంటర్నల్స్ ముందు వస్తే ఇంకేం చెప్పాలి. టీటీ ఎప్పుడు వేసుకున్నారో కూడా అడిగి తెలుసుకోండి.

ఆడపిల్లలు తప్పకుండా హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోవాలి. 12 కన్నా తక్కువ ఉంటే రక్తహీనత కిందే లెక్క. లాంగ్‌టర్మ్ కోచింగుల్లో రెండేళ్ళు సరిగా తినక, ఎండ చూడక, నిద్ర లేక వచ్చిన పిల్లలు చాలామంది 9, 10 మీద ఉంటున్నారు. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చూస్తూనే ఉన్నాను. ఐరన్ మాత్రలు మొదలుపెట్టినా అది పెరగడానికి వారాలు పడుతుంది, అందుకే ఇప్పుడే. అలాగే కళ్ళు. బోర్డు మీద అక్షరాలు మసగ్గా ఉన్నా సర్దుకుపోయిన పిల్లలకు మైక్రోస్కోపు దగ్గర తలనొప్పి మొదలవుతుంది.

డిసెక్షన్ హాలు గురించి అందరికీ భయం ఉంటుంది, ఉండటంలో తప్పు లేదు. తలుపు తీయగానే ఫార్మలిన్ ఘాటు ముక్కులోకి కాదు, ముందు కళ్ళలోకి కొడుతుంది. నీళ్ళు కారతాయి. స్టీలు బల్లల వరస, వాటి మీద తడి గుడ్డ కప్పి మనుషులు. మొదటి రోజు నా పక్కన నిలబడ్డ అమ్మాయి బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. ఆమె గోళ్ళ చివరలు తెల్లబడటం నాకింకా గుర్తుంది. వాంతి వస్తుందేమోనని పొద్దున ఏమీ తినకుండా వచ్చిందట. పదిహేను నిమిషాలకు కింద పడిపోయింది. శవాన్ని చూసి కాదు, ఖాళీ కడుపుతో నిలబడి. కాబట్టి ఉగ్గాని తినండి, ఇడ్లీ తినండి, ఏదో ఒకటి తిని వెళ్ళండి. కాంటాక్ట్ లెన్సులు వద్దు, కళ్ళద్దాలే పెట్టుకోండి. వేళ్ళు కనిపించే చెప్పులు వద్దు, బూట్లు కావాలి. ఏప్రాన్ నిండు చేతులది, కాటన్‌ది, రెండు చాలు. ఒకటి డిసెక్షన్‌కే వదిలేయండి, దాన్ని మిగతా బట్టలతో కలిపి ఉతకకండి. తల తిరుగుతున్నట్టు అనిపిస్తే అక్కడే కింద కూర్చోండి, బయటికి పరిగెత్తబోయి గడప మీద పడినవాళ్ళున్నారు.

ఇంకొక్క మాట. అక్కడ ఫోన్ బయటికి తీయవద్దు. ఆ బల్ల మీద ఉన్నది ఒకరి నాయనో, ఒకరి అమ్మో. తన ఒళ్ళు మీ చదువుకని ఇచ్చి వెళ్ళిన మనిషి. ఒక్క ఫోటో బయటికి వెళితే ఆ మనిషికి చేసిన అవమానం మళ్ళీ వెనక్కి తీసుకోలేరు. ఈ మాట అమ్మానాయనలు ఇంట్లోనే చెప్పి పంపాలి.

కాగితాల పని విసుగు, కానీ తప్పదు. టెన్త్, ఇంటర్ మెమోలు, ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, టీసీ, కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ, నీట్ ర్యాంక్ కార్డు, ఆధార్. ఒరిజినల్స్ కాలేజీలో ఇచ్చేశాక స్కాలర్‌షిప్పుకో, బ్యాంకు లోనుకో కావాలంటే మళ్ళీ మళ్ళీ తిరగాలి. ఇచ్చే ముందే స్కాన్ చేసి, నాలుగైదు జతలు జిరాక్స్ తీసి పెట్టుకోండి. లోను తీసుకునేవాళ్ళు సీటు వచ్చిన మరుసటి రోజే బ్యాంకుకు వెళ్ళండి. ఇంకా మంచి కాలేజీకి మార్పిస్తామని, మేనేజ్‌మెంట్ సీటు తక్కువకే ఇప్పిస్తామని ఫోన్లు వస్తే ఒక్క రూపాయి కూడా పంపకండి. కౌన్సెలింగ్ బయట ఎవరూ సీటు ఇప్పించలేరు.

ఇప్పుడు చదువు. "అనాటమీ ముందే మొదలుపెట్టనా?" అని అడుగుతారు. వద్దు. ఏ పుస్తకం కొనాలో కూడా చేరాక సీనియర్లను అడిగి కొనండి. పాత పుస్తకాలు, ఎముకల సెట్లు వాళ్ళ దగ్గరే దొరుకుతాయి. దాని బదులు రోజూ ఒక గంట పెన్నుతో రాయండి. నేను మనస్ఫూర్తిగా చెబుతున్నాను, మన పిల్లలకు అసలు దెబ్బ తగిలేది ఇక్కడే. రెండు మూడేళ్ళు నీట్ కోసం 180 ప్రశ్నలకు గుండ్రాలు నింపిన చేయి అది. ఇక్కడ ఒక్కో ప్రశ్నకు పేజీలు రాయాలి, బొమ్మ గీసి పేర్లు గుర్తించాలి, తర్వాత వైవాలో ఎదురుగా కూర్చున్న ఎగ్జామినర్‌కు నోటితో చెప్పాలి. విషయం తెలిసీ రాయలేక, చెప్పలేక పోయినవాళ్ళు చాలామంది. ఇంటర్ బయాలజీ పుస్తకం ఇంట్లోనే ఉంటుంది. గుండె బొమ్మ గీయండి, దాని గురించి పేజీన్నర ఇంగ్లీషులో రాయండి. రాసినదాన్ని చూడకుండా ఇంట్లో వాళ్ళ ముందు నిలబడి చెప్పండి. వాళ్ళకు అర్థం కాకపోయినా ఫరవాలేదు. తెలుగు మీడియంలో చదివినవాళ్ళు ఇది రెండు గంటలు చేయండి. మాటల మూలాలు ఓ ముప్పై నేర్చుకోండి. హెపటో అంటే కాలేయం, నెఫ్రో అంటే మూత్రపిండం, ఆస్టియో అంటే ఎముక, చివర ఐటిస్ వస్తే వాపు. ఈ కాసిని తెలిస్తేనే కొత్త పేజీ చూసినప్పుడు సగం భయం పోతుంది.

అటెండెన్స్ థియరీకి 75 శాతం, ప్రాక్టికల్స్‌కు 80 శాతం. కోచింగ్ సెంటర్లో వార్డెన్ లేపి కూర్చోబెట్టేవాడు, ఇక్కడ ఎవరూ లేపరు. నిద్ర లేచే వేళ ఇంట్లో ఉండగానే మీ అంతట మీరు అలవాటు చేసుకోండి. మొదటి ఇంటర్నల్‌లో ఫెయిల్ కావచ్చు, క్లాసులో ఫస్టు వచ్చినవాళ్ళంతా ఒకచోట చేరితే కొందరు వెనకబడక తప్పదు. మా బ్యాచ్‌లో ఒకబ్బాయి ఆ మార్కులు చూసి మూడు రోజులు గది తలుపు తీయలేదు. నాలుగో రోజు ఒక సీనియరన్న తలుపు తట్టి, తన మొదటి ఇంటర్నల్ మార్కులు చూపించాడు. ఆ అబ్బాయి ఇప్పుడు సర్జన్. మొదటి సంవత్సరం పాసవడానికి నాలుగు అవకాశాలు ఉన్నాయి, ఒక్క పరీక్షతో ఏదీ ముగిసిపోదు. మనసు మరీ బరువైతే 14416 టెలీమానస్ నంబరు, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు పడదు. అమ్మానాయనలు కూడా ఈ నంబరు ఫోన్లో పెట్టుకోవాలి.

ర్యాగింగ్ మన రాష్ట్రంలో 1997 నుంచే చట్టప్రకారం నేరం. వాట్సాప్‌లో చేసినా ర్యాగింగే. పరిచయం వేరు, అవమానం వేరు, తేడా మీ మనసుకు తెలుస్తుంది. 1800-180-5522కు ఏ వేళైనా ఫోన్ చేయవచ్చు.

చేరేది వానాకాలం చివర్లో, డెంగ్యూ రోజుల్లో. దోమతెర పెట్టెలో అన్నిటికన్నా పైన పెట్టుకోండి. మెస్ కూర సహించని రోజుకు ఇంటి నుంచి చెనక్కాయల పొడి, కొంచెం నెయ్యి.

చివరగా, ఎవరూ చెప్పని పని ఒకటుంది. ఇంట్లో అవ్వ ఉంటే ఒక సాయంత్రం ఆమె పక్కన కూర్చుని నొప్పుల పేర్లన్నీ చెప్పించుకుని నోటుబుక్కులో రాసుకోండి. గస (ఆయాసం), కండ్లు తిరగడం, ఒళ్ళు పీకడం, ఎదలో మంట, కాళ్ళు లాగడం. ఇప్పుడు మొదటి సంవత్సరం నుంచే పిల్లలను వార్డుకు తీసుకెళుతున్నారు, ఊళ్ళలో కొన్ని కుటుంబాలను దత్తత ఇచ్చి వాళ్ళ ఇళ్ళకు పంపుతున్నారు. కర్నూలు పెద్దాసుపత్రికి ఆదోని, ఆలూరు నుంచే కాదు, గద్వాల నుంచి, రాయచూరు నుంచి కూడా వస్తారు. కన్నడంలో, ఉర్దూలో "ఎక్కడ నొప్పి, ఎన్ని రోజులు, జ్వరం ఉందా" అన్న మూడు ప్రశ్నలు నేర్చుకుని వెళ్ళండి. మా అన్న కూతురు వాళ్ళ అవ్వ దగ్గర ఇప్పటికి ఇరవై రెండు మాటలు రాసుకుంది. "గస" ఎదురుగా ఏం రాయాలో తెలియక, మెట్లెక్కితే వచ్చేదా, పడుకుంటే వచ్చేదా అని అవ్వనే మళ్ళీ అడిగిందట. పడుకుంటే వస్తుంది, అందుకే రాత్రి లేచి కూర్చుంటానని అవ్వ చెప్పింది. ఇంట్లో ఎవరికీ ఆ సంగతి తెలియదు. సోమవారం ఆమెను గుండె డాక్టర్‌కు చూపిస్తున్నాం.