తత్వశాస్త్ర సెమినార్‌లో పేపర్ చదివేవాళ్లకు

పేపర్ పావుగంట సాగేసరికి వినేవాళ్లలో సగం మందికి వాదన చేజారిపోతుంది. ఇక ప్రశ్నల సమయమంతా "మీరు మధ్యలో ఏదో అన్నారు కదండీ" అనడంతోనే సరిపోతుంది. రాజమండ్రి, అమలాపురం వైపు కాలేజీల్లో వానకి కరెంటు పోతే స్లైడ్లూ ఉండవు.

అందుకని ఒక్క ఏ4 కాగితం పంచండి. పేపర్‌లోని వాదనను ఐదారు చిన్న వాక్యాలుగా విడగొట్టి, ఒక్కోదానికి అంకె వేయండి. మన పాత తర్కశాస్త్రమైన న్యాయ దర్శనంలోని ఐదు అవయవాలు, అంటే వాదనలోని ఐదు భాగాలు, దీనికి చక్కటి అచ్చు: ప్రతిజ్ఞ (నిరూపించాల్సిన మాట), హేతువు (కారణం), ఉదాహరణ, ఉపనయం (దాన్ని ఇక్కడికి అన్వయించడం), నిగమనం (ముగింపు). కొండ మీద నిప్పుంది, ఎందుకంటే పొగ ఉంది, పొగ ఉన్నచోట నిప్పుంటుంది, వంటింట్లో లాగ, ఈ కొండ మీదా అలాంటి పొగే ఉంది, కాబట్టి నిప్పుంది. మీ వాదన కూడా ఇంత పొట్టిగా రావాలి. కింద పావు పేజీ ఖాళీ వదలండి, ప్రశ్న అక్కడే రాసుకుంటారు. చదివేటప్పుడు "ఇప్పుడు మూడు" అని పైకి చెప్పండి. అప్పుడు ప్రశ్న సూటిగా "మీ రెండోది నిలవదండీ" అని వస్తుంది. నాకు అలాంటి ప్రశ్నే కావాలి.

ఒక గ్రంథానికి వ్యాఖ్యానం చెప్పే పేపర్‌కి మాత్రం ఇది పనికిరాదు. అక్కడ అంకెలకు బదులు మూల వాక్యాలే అచ్చు వేసి పంచండి.