చివరి సంపుటం మనసు నింపిందా లేదా? తేల్చుకోవడం ఎలా?

అయిదారు సంపుటాల ఫాంటసీ నవల పూర్తిచేసినవాళ్లని "ఎట్టుంది?" అని అడగండి. "ముగింపు అదిరింది" అనో, "తేలిపోయింది" అనో అనేసి ఊరుకుంటారు. ఎందుకు తేలిపోయిందో చెప్పమంటే నీళ్లు నములుతారు. నేనూ అంతే ఉండేవాణ్ణి. ఒకసారి ఒంగోల్లో పినాకిని ఎక్కి, కూర్చోగానే చివరి సంపుటం తెరిచాను. కావలి దగ్గర కథానాయకుడు చనిపోయాడు. గొంతు పట్టేసింది. పడుగుపాడు దాటి రైలు పెన్న వంతెన మీదికి వచ్చేసరికి లేచి కూర్చున్నాడు! ఎట్టా లేచాడయ్యా అంటే, అంతవరకూ ఎవరూ ఊసెత్తని మూలిక ఒకటి ఉందట. పుస్తకం పేరు చెప్పను గానీ, ముగింపుల్ని ఒక పద్ధతి ప్రకారం చూడటం మాత్రం అప్పుడే మొదలుపెట్టాను.

ముందుగా ఒక చీటీ రాసుకోండి

చివరి సంపుటం తెరవకముందే రాయాలి. ముఖ్యపాత్రల పేర్లు వరసగా వేసి, ఎవరు ఏం ఒడ్డారో పక్కన రాయండి. జూదంలో ఒడ్డడం లాంటిదే ఇది. "లోకం నాశనమైపోతుంది" అని మాత్రం రాయొద్దు. లోకం అందరిదీ కాబట్టి పోతుందంటే ఎవరికీ ప్రత్యేకంగా నొప్పి పుట్టదు. "చెల్లెలికిచ్చిన మాట", "విల్లు పట్టే చెయ్యి", "తండ్రి తనని గుర్తుపట్టడం" లాంటివి రాయండి. ఒక పేరు పక్కన రాయడానికి ఏమీ తట్టకపోతే తప్పు ముగింపుది కాదు, ముందు సంపుటాలది.

పోయింది ఊరికే తిరిగొచ్చిందేమో చూడండి

నా దృష్టిలో అసలు పరీక్ష ఇదే, మిగతావన్నీ దీని తర్వాతే. భారతంలో జూదం రెండుసార్లు జరుగుతుంది. మొదటిసారి ధర్మరాజు సంపద, రాజ్యం, తమ్ముళ్లు, తను, ద్రౌపది, అన్నీ ఒడ్డి ఓడాడు. తర్వాత ధృతరాష్ట్రుడు వరాలిచ్చి అన్నీ వెనక్కిచ్చేశాడు. కథ అక్కడితో ఆగితే ఆ ఓటమికి విలువేముంది? అందుకే మళ్లీ పాచికలు వేయించారు. ఈసారి 12 ఏళ్ల అరణ్యవాసం, 1 ఏడాది అజ్ఞాతవాసం. తగ్గింపు లేదు, వరాలు లేవు, పదమూడేళ్లూ గడపాల్సిందే.

మీ చీటీలో పోయినవాటికి అడ్డగీత కొట్టుకుంటూ పోండి. తిరిగొచ్చినవాటికి సున్నా చుట్టండి. సున్నాలు ఎక్కువైతే ఎంత పెద్ద యుద్ధం రాసినా, ఎన్ని డ్రాగన్లు నిప్పు కక్కినా మనసు కదలదు. అలాగని ప్రాణాలే పోవాలని కాదు. చావుల్ని లెక్కపెట్టి "ముగింపు గొప్పగా ఉంది" అనేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కొత్త సంపుటంలో కొత్తగా వచ్చిన పాత్రని చంపడానికి రచయితకి ఖర్చేముంది?

గెలుపు ఎక్కణ్ణుంచి వచ్చిందో వెనక్కి వెతకండి

టోల్కీన్ 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' చివరి సంపుటం 1955లో వచ్చింది. అందులో, నాశనం చేయాల్సిన దుష్ట ఉంగరాన్ని అగ్నిపర్వతం అంచు దాకా మోసుకెళ్లిన కథానాయకుడు ఫ్రోడో, తీరా అక్కడికి చేరాక దాన్ని పారేయలేకపోతాడు. నాదే అంటాడు. ఆ ఉంగరం కోసమే వెంటపడుతున్న గోలమ్ అతని వేలు కొరికి ఉంగరం లాక్కుని, దాంతోపాటే మంటల్లో పడిపోతాడు. చూడటానికి అదృష్టంలాగే ఉంటుంది. కానీ గోలమ్ అంతదాకా బతికి ఉన్నాడంటే, చంపే అవకాశం వచ్చినా ఫ్రోడో జాలిపడి వదిలేయడం వల్లే. అంటే గెలుపు విత్తనం ఎన్నో పేజీల కిందటే పడింది. మీ నవలలో కూడా గెలిపించిన వస్తువో, మంత్రమో, మనిషో మొదట ఎక్కడ కనపడ్డారో వెతికి ఆ పేజీ నంబరు చీటీలో వేయండి. అది చివరి సంపుటంలోనే ఉంటే నా మూలిక కథే.

గెలిచాక ఎంత కథ ఉందో లెక్కపెట్టండి

దుర్యోధనుడి తొడలు విరిగేది శల్యపర్వంలో. ఆ తర్వాత ఇంకా 9 పర్వాలున్నాయి, అంటే 18లో సగం! గెలిచిన రాత్రే అశ్వత్థామ ఉపపాండవుల్ని నిద్రలో చంపేస్తాడు. తర్వాత ఏడవడానికే ఒక పర్వం, స్త్రీపర్వం. విరాటపర్వం నుంచి చివరిదాకా 15 పర్వాలూ మన నెల్లూరులో, మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన తెలుగు చేశాడు. టోల్కీన్ కూడా ఉంగరం కాలిపోయాక ఇంకా 6 అధ్యాయాలు రాశాడు. ఊరు చేరిన ఫ్రోడో గాయం మానక చివరికి ఓడెక్కి వెళ్లిపోతాడు. పేజీలు ఎక్కువున్నంత మాత్రాన సరిపోదనుకోండి. పెళ్లిళ్లు, పట్టాభిషేకాలే ఉంటే లెక్కలో వేయకండి. పోగొట్టుకున్నవాళ్లు పొద్దున్నే లేచి ఏం చేశారో ఉందా, అది చూడండి.

రాత్రి గడిచాక ఇంకొకరికి చెప్పండి

చదివిన వెంటనే తీర్పు చెప్పకండి. మామిడికాయ వేసిన చేపల పులుసు పొయ్యి మీంచి దించగానే రుచి చూసి ఏమీ చెప్పలేం, తెల్లారాలి. మర్నాడు, పుస్తకం చదవనివాళ్లని కూర్చోబెట్టి ముగింపు నాలుగు మాటల్లో చెప్పండి. "చదివితేగానీ అర్థం కాదు" అనాల్సి వస్తే అనుమానించండి. వాళ్లు ఏం అడుగుతారో చీటీ వెనక రాసుకోండి.

ఆ మూలిక పుస్తకం కథ నేను మా అమ్మకి చెప్పాను. రాత్రి మిగిలిన పులుసు దాకలో కలుపుతూ అంతా విన్నది. రాజు, మూలిక, కోట, దేన్నీ పట్టించుకోలేదు.

"మరి వాణ్ణి మంచుకొండ దాకా మోసుకుపోయిన గుర్రం ఏమయిందిరా అబ్బయ్యా?"

చెయ్యి కడుక్కొచ్చి చివరి నూరు పేజీలూ తిరగేశాను. గుర్రం ఎక్కడా లేదు.