మడ మొక్క బతకడం లేదా? ముందు మట్టిని తవ్వి చూడండి

శ్రీకాకుళం జిల్లాలో నౌపడ ఉప్పు మడుల చుట్టూ, ఇచ్ఛాపురం దిగువన బాహుదా మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దగ్గర నేలంతా ఒకే మట్టంగా కనిపిస్తుంది. కానీ జానెడు ఎత్తు తేడా ఉంటే చాలు, పోటు నీరు ఎక్కే రోజులు మారిపోతాయి. దాంతో ఉప్పు, వేరుకు అందే గాలి, చివరికి మొలిచే మొక్క కూడా మారతాయి. అందుకే మడ (పోటు నీటిలో పెరిగే మాంగ్రోవ్ చెట్టు) నారు బాగోలేదనుకునే ముందు మూరెడు గుంత తవ్వండి.

నేల బోసిగా ఉంది, పైన తెల్లటి పొర, అంచున ఇలకూర (ఉప్పు నేలలో పెరిగే చిన్న మొక్క) ఒక్కటే ఉంది

ఇది ఉప్పు పని. అమావాస్య, పౌర్ణమి పోట్లకు మాత్రమే తడిసే చోట ఎండకు నీరు ఆవిరై ఉప్పు మిగిలిపోతుంది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. వేసవిలో ఈ మట్టిలోని నీరు దానికంటే ఉప్పగా తయారవుతుంది. అక్కడ తెల్లమడ కూడా గిడసబారిపోతుంది. పోటు నీరు లోపలికి వచ్చి వెనక్కి పోయేలా చేపముల్లు ఆకారంలో చిన్న కాలవలు తవ్వి, వాటి ఒడ్డున నాటాలి. అయితే ఎప్పటినుంచో ఉన్న ఉప్పు బయలైతే మాత్రం దాని జోలికి పోకండి. అది పిట్టలు మేసే చోటు.

భూసార పరీక్షలో లవణ సూచిక (ఈసీ, మట్టిలో ఉప్పు ఎంతుందో చెప్పే అంకె) 4 దాటితే ఉప్పు నేల అని రాసిస్తారు. అది పంటలకు పెట్టుకున్న హద్దు. మడకు అది చూసి టెన్షన్ పడక్కర్లేదు.

ఆకులు పసుపుబారాయి, గుంతలో నల్లమట్టి, కుళ్లిన గుడ్డు వాసన

నాకు అన్నిటికంటే దిగులు కలిగించేది ఇదే, ఎందుకంటే ఇందులో పెద్ద చెట్లు కూడా పోతాయి. నీట మునిగిన మట్టిలో ఆక్సిజన్ ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది. ఆ తర్వాత సూక్ష్మజీవులు సముద్రపు నీటిలోని సల్ఫేటును హైడ్రోజన్ సల్ఫైడుగా మారుస్తాయి. కుళ్లిన గుడ్డు వాసన దానిదే, అది వేరుకు విషం. మడ చెట్టు పాటు వేళ (పోటు నీరు వెనక్కి తీసినప్పుడు) ఊపిరి వేర్లతో గాలి తీసుకుని తట్టుకుంటుంది. రోడ్డు గట్టో రొయ్యల చెరువు గట్టో అడ్డొచ్చి నీరు వెనక్కి పోకపోతే ఆ వేర్లు ఎప్పుడూ మునిగే ఉంటాయి. వేరు చుట్టూ మట్టిలో తుప్పు రంగు గీతలు కనిపిస్తే గాలి అందుతున్నట్టే. కనిపించకపోతే ఎరువు వేసి లాభం లేదు. గట్టుకు తూము పెట్టాలి, అదీ పాటు సమయంలో నేల బయటపడేంత కిందుగా.

గట్టు కట్టి ఎండగట్టాక పసుపు మచ్చలు, నీరు మాత్రం అద్దంలా తేట

తేట నీరు చూసి సంతోషపడకండి. మడ మట్టిలో దాగిన, ఇనుము, గంధకం కలిసిన ఖనిజం పైరైట్‌కు గాలి తగిలి సల్ఫ్యూరిక్ ఆమ్లం పుట్టిందేమో అనుమానించాలి. తడి మట్టి పీహెచ్ (ఆమ్లాన్ని చెప్పే అంకె, 7 కంటే ఎంత తగ్గితే అంత ఆమ్లం) ఒకసారి చూసి, అదే మట్టిని కొన్ని వారాలు ఆరబెట్టి మళ్లీ చూడండి. 7 దగ్గర ఉన్నది 4 కిందికి పడిపోతే అదే రోగం. ఇంకా లోతుకు తవ్వొద్దు. నీటిని మళ్లీ రానివ్వండి, అవసరమైతే సున్నం వేయండి.

మడ ఉండాల్సిన చోట జమ్ము, కిక్కస గడ్డి

మంచినీరు ఎక్కువై, ఉప్పు తగ్గింది. ఒడిశాలోని చిలికా సరస్సులో సముద్రపు దారి పూడుకుపోయి కలుపు పెరిగితే, 2000లో కొత్త ముఖద్వారం తవ్వారు. ఉప్పదనం తిరిగొచ్చి కలుపు తగ్గింది. మన దగ్గర కూడా గడ్డి కోసేకంటే మొగలో ఇసుక మేటను చూడటం మేలు. సోంపేట బీల సంగతి వేరు. అది మంచినీటి చిత్తడి. అక్కడ జమ్ము, తుంగ ఉండటమే సరి, మడ నాటకండి.